జూకి కొత్త జంతువులు, వాటి సంతానం: గంజాం, గజపతి, రాయగడ తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి పెద్ద జూ చూడాలంటే రెండు దారులున్నాయి. పైకి రైలెక్కితే భువనేశ్వర్ పక్కన నందన్‌కానన్, కిందికి ఎక్కితే విశాఖపట్నంలో ఇందిరాగాంధీ జూ. రెండింటికీ సోమవారం సెలవు. కొత్త జంతువులొచ్చాయని పేపర్లో చదివి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, ఖాళీ ఎన్‌క్లోజర్ చూసి తిరిగొచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలే వీటిలో ఎక్కువ.

కొత్త జంతువు వచ్చిందని నిన్న పేపర్లో పడింది. ఈ ఆదివారం వెళ్తే కనిపిస్తుందా?

కనిపించదు. లారీ దిగిన జంతువును నేరుగా జనం ముందుకు తేరు. మామూలుగా 30 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఆ తర్వాత కొత్త ఎన్‌క్లోజర్‌కూ, దాని వెనకున్న రాత్రి గదికీ అలవాటు పడడానికి ఇంకొన్ని వారాలు కావాలి. వార్త వచ్చిన రోజు నుంచి రెండు నెలలు లెక్కేసుకుని వెళ్తే టికెట్ డబ్బులు దండగ కావు. పాములు, తాబేళ్ళ లాంటివైతే ఇంకొంచెం ఆగండి.

క్వారంటైన్ అంటే గదిలో పెట్టి తాళం వేయడమేనా? నెల రోజులు ఏం చేస్తారు?

ఆ గదులు మిగతా జంతువులకు దూరంగా, విడిగా ఉంటాయి. అక్కడి కీపర్ వేరే జంతువుల దగ్గరికి వెళ్ళకూడదు. మనుషులు చాలక వెళ్ళక తప్పకపోతే పాత జంతువుల పని అంతా ముగించుకుని చివర్న ఇటు రావాలి గానీ, ఇక్కడి పని చేసుకుని అటు పోకూడదు. చీపురు, బకెట్, మేత గంప, బూట్లు అన్నీ ఆ గదికే సొంతం. గుమ్మం ముందు పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్ళ తొట్టి ఉంటుంది, అందులో కాళ్ళు ముంచి లోపలికి వెళ్ళాలి. ఆ నీళ్ళు గులాబీ, ఊదా రంగులో ఉన్నంతసేపే పనిచేస్తాయి. గోధుమ రంగుకు తిరిగాయంటే బూట్ల మట్టికే మందంతా ఖర్చయిపోయిందని అర్థం. రోజూ మార్చని తొట్టి టీ డికాషన్‌లా ఉంటుంది. అలాంటి తొట్టి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మొదటి మూడు నాలుగు రోజులు జంతువు జోలికి ఎవరూ పోరు. ఎంత మేత వేశారు, ఎంత మిగిల్చింది, నీళ్ళు తాగిందా, పేడ ఎలా ఉంది అని రాసుకుంటారు. మిగిలిన మేతను కంటితో అంచనా వేయకుండా తూకం వేయాలి. ఆకలి తగ్గడం చాలా రోగాలకు మొదటి గుర్తు, అది కాటాలోనే ముందు తెలుస్తుంది. తర్వాత పేడ పరీక్ష. నాలుగైదు రోజుల ఎడంతో మూడుసార్లు చేస్తారు. నులిపురుగుల గుడ్లు ప్రతిరోజూ పేడలో పడవు కాబట్టి ఒక్కసారి చూసి ఏమీ లేవంటే నమ్మడానికి లేదు. మందు వేశాక రెండు వారాలకు మళ్ళీ చూస్తారు. జింక జాతి వాటికి క్షయ పరీక్ష, కుక్క, పిల్లి జాతి వాటికి టీకాల చరిత్ర, పక్షులకు బర్డ్ ఫ్లూ పరీక్ష. ఏ జాతికి తగ్గ జాబితా దానిది.

రక్తం పరీక్షను తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం మన ఒడిశాలోనే ఉంది. 2000 జూలైలో నందన్‌కానన్‌లో డజను పులులు రోజుల తేడాలో చనిపోయాయి. వచ్చింది ట్రిపనోసోమా అనే రక్త పరాన్నజీవి వల్ల కలిగే రోగం, పశువైద్యులు సర్రా అంటారు. పశువుల మీద వాలే జోరీగలు దాన్ని ఒకదాని నుంచి ఒకదానికి మోస్తాయి. గేదె, ఆవు ఒంట్లో అది పెద్దగా బయటపడకుండా ఏళ్ళ తరబడి ఉండగలదు. పులికి సోకితే ఆ పులి బతకడం కష్టం. ఇంకో చిక్కు, ఆ క్రిమి రక్తంలో ఒకరోజు కనబడి మర్నాడు కనబడదు. అందుకే ఒక్క రక్తపు చుక్క పరీక్షతో సరిపెట్టరు. జ్వరం ఉన్న పూట తీసిన రక్తానికే ఎక్కువ విలువ.

జంతువుల్ని ఎక్కడ కొంటారు? పులి ధర ఎంత ఉంటుంది?

ధర ఉండదు. మన దేశపు అడవి జంతువుల్ని జూలు కొనవు, అమ్మవు. ఒక జూ నుంచి ఇంకో జూకి మార్పిడి జరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 1992లో కేంద్ర జూ అథారిటీ ఏర్పడింది. దాని ముందస్తు అనుమతి లేకుండా ఏ జూ అయినా ఆ చట్టం షెడ్యూళ్ళలో, అంటే రక్షణ జాబితాల్లో ఉన్న జంతువును తీసుకోకూడదు, ఇవ్వకూడదు. అథారిటీ గుర్తింపు లేని చోటుకు అసలే పంపకూడదు.

పని ఇలా సాగుతుంది. ప్రతి జూ దగ్గర ఎక్కువైన జంతువుల జాబితా ఒకటి, కావలసిన వాటి జాబితా ఒకటి ఉంటాయి. ఇద్దరు అధికారులకు లెక్క కుదిరితే ఉత్తరాలు నడుస్తాయి, రాష్ట్ర అటవీ శాఖ ఒప్పుకుంటుంది, ప్రతిపాదన ఢిల్లీకి వెళ్తుంది. అక్కడ మొదట అడిగేది పెట్టడానికి చోటుందా అనే. ఎన్‌క్లోజర్ కొలతలు, రాత్రి గదులు, ఆ జాతిని చూసుకోగల డాక్టరు, కీపర్లు ఉన్నారని తేలాలి. ఆ తర్వాత జంతువు పుట్టుక, తల్లిదండ్రుల వివరాలు చూస్తారు. అనుమతి వచ్చినా వెంటనే లారీ కదలదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన వైపు ఎండకు జంతువుల్ని రోడ్డెక్కించడం తెలివైన పని కాదు. ఎక్కువ మార్పిళ్ళు నవంబర్, ఫిబ్రవరి మధ్య జరిగేది అందుకే.

వార్తల్లో "కృష్ణజింకలు 2:4:1" అని రాస్తారు. ఏమిటా లెక్క?

మొదటి అంకె మగవి, రెండోది ఆడవి, మూడోది ఇంకా ఆడో మగో తేలనివి. 2:4:1 అంటే మొత్తం ఏడు. చాలామంది దీన్ని నిష్పత్తి అనుకుంటారు, కాదు. 0:0:28 అని కనిపిస్తే గుడ్ల నుంచి అప్పుడే వచ్చిన మొసలి పిల్లలో, పక్షి పిల్లలో అయ్యుంటాయి.

అంత దూరం ఎలా తెస్తారు? మత్తు ఇచ్చి పడుకోబెడతారా?

మత్తు ఆఖరి మార్గం. మత్తులో ఉన్న జంతువు ఒంటి వేడి అదుపులో ఉండదు, కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, లారీ కుదుపులో మెడ వంగి ఊపిరి ఆగవచ్చు. అందుకని పెట్టెకు అలవాటు చేయడమే అసలు పని. రాత్రి గది తలుపుకు ఆనించి పెట్టెను రెండు నుంచి నాలుగు వారాల ముందే బిగిస్తారు. రెండువైపులా తలుపులు తీసే ఉంచుతారు. మొదట పెట్టె అంచున మాంసం, నాలుగు రోజులకు మధ్యలో, తర్వాత చివర్న. జంతువు లోపల పడుకుని తినడం మొదలుపెట్టాక తలుపును ఒక నిమిషం దించి ఎత్తుతారు, మర్నాడు ఐదు నిమిషాలు. బయల్దేరే రోజున అది తన కాళ్ళతో తానే ఎక్కుతుంది. తొందరపడి మూడో రోజే తలుపు దించేస్తే అంతే సంగతులు, ఆ జంతువు ఇంకో నెల దాకా పెట్టె మొహం చూడదు.

పెట్టె చేయడంలోనే సగం ప్రయాణం ఉంది. జింకకు చేసే పెట్టె పొడవు దాని ఒంటికన్నా కొద్దిగా ఎక్కువ, వెడల్పు మాత్రం అది వెనక్కి తిరగలేనంత తక్కువ ఉండాలి. జాలిపడి వెడల్పుగా చేసిన పెట్టెలోనే జింకలు తిరగబోయి మెడ ఇరికించుకుంటాయి. లోపల ఒక్క మేకు మొన కూడా పైకి ఉండకూడదు, చెయ్యి పెట్టి తడిమి చూడాలి. నేల మీద అడ్డంగా సన్న చెక్కలు కొడతారు, లేకపోతే మూత్రం పడ్డాక గిట్టలు జారతాయి. దాని మీద గడ్డి పరుస్తారు. గాలి రంధ్రాలు పైనా కిందా రెండు వరసలు ఉంటాయి, కంటి ఎత్తులో మాత్రం ఉండవు. బయట కదిలేవి కనబడకపోతే జింక కుదురుగా ఉంటుంది. పులి పెట్టెకు లోపల ఇనుప రేకు, ముందువైపు ఊచలు, ఊచల మీద మళ్ళీ చెక్క మూత.

బయల్దేరేది సాయంత్రం. మాంసం తినే జంతువులకు ముందురోజు పెట్టిందే తిండి, దారిలో నీళ్ళే. మూడు నాలుగు గంటలకొకసారి బండి ఆపి చూస్తారు. ఆపేది ధాబా దగ్గర కాదు, జనం లేని చోట. వెనక డాక్టరు బండి ఉంటుంది. పాత జూ కీపర్ కూడా వచ్చి మూడు నాలుగు రోజులు ఉంటే మంచిది. తెలిసిన గొంతు వినబడితే కొత్త చోట తిండి ముట్టడం తొందరగా జరుగుతుంది.

జింకలు దించేటప్పుడు బాగానే ఉండి రెండు రోజులకు చనిపోయాయని విన్నాం. విషమా?

విషం కాదు. వెంటాడి పట్టుకున్నప్పుడు, పెట్టెలో గింజుకున్నప్పుడు కండరాలు శక్తికి మించి పనిచేసి, ఒళ్ళు కాగి, కండ కరగడం మొదలవుతుంది. ఆ కరిగిన పదార్థం మూత్రపిండాలను మూసేస్తుంది. నడక బిగుసుకుపోవడం, మెడ వాలిపోవడం, మూత్రం కాఫీ రంగులోకి మారడం గుర్తులు. కొన్ని అక్కడికక్కడే పోతాయి, కొన్ని వారం తర్వాత. వచ్చాక వైద్యం చేసి నిలబెట్టినవి చాలా తక్కువ, అందువల్ల రాకుండా చూసుకోవడమే పని. పొద్దున చల్లవేళే పట్టాలి, పట్టిన వెంటనే కళ్ళకు గుడ్డ కట్టాలి, మాటలు, ఫోన్ల మోత ఉండకూడదు, చేతుల్లో ఉన్నంతసేపూ ఒంటి వేడి కొలుస్తూ ఉండాలి. వేడి పెరుగుతుంటే నీళ్ళు పోసి వదిలేయడం మంచిది. ఆ రోజుకు పట్టడం ఆగిపోయినా నష్టం లేదు.

ఒక మగ, ఒక ఆడ ఉంటే పిల్లలు పుడతాయి కదా. మళ్ళీ కొత్తవి ఎందుకు తేవడం?

ఈ ప్రశ్నకు జవాబు అర్థమైతే జూ పని చాలావరకు అర్థమైనట్టే. పిల్లలు పుట్టించడం కష్టం కాదు, ఎవరికి పుట్టించాలన్నది కష్టం. ఒక జతతో మొదలుపెడితే రెండో తరానికి అన్నాచెల్లెళ్ళు తప్ప వేరే సంబంధం దొరకదు. మేనరికాలు కలుపుకోవడానికి అలవాటుపడ్డ మన ఇళ్ళలో దీన్ని పెద్ద విషయంగా తీసుకోరు గానీ, జంతువుల్లో అది తరం తరానికీ పేరుకుపోతుంది. పిల్లలు తక్కువ పుడతాయి, పుట్టినవి ఎక్కువ చనిపోతాయి, వంకర కాళ్ళు, మెల్లకళ్ళు కనిపిస్తాయి, ఒక రోగం వస్తే అన్నీ ఒకేసారి పడిపోతాయి.

దీనికి జూలు వాడేది స్టడ్‌బుక్. దేశంలోని అన్ని జూలలో ఉన్న ఆ జాతి జంతువులకు అది ఒకే వంశవృక్షం. ప్రతిదానికీ ఒక నంబరు, తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేదీ, ఏ జూ నుంచి ఏ జూకి వెళ్ళింది, ఎలా చనిపోయింది అన్నీ ఉంటాయి. దాన్నిబట్టి ఏ జంతువుకు బంధువులు తక్కువో చూస్తారు. బంధువులు తక్కువున్నదానికే పెళ్ళి ముందు. పదిమంది పిల్లల తండ్రైన అందమైన మగపులి కన్నా, ఒక్క పిల్ల కూడా లేని ముసలి పులి ఈ లెక్కలో విలువైనది. జూ వాళ్ళు ఎక్కడి నుంచో చూడడానికి బాగాలేని జంతువును తెచ్చారని మీకనిపిస్తే కారణం ఇదే కావచ్చు. అంతరించే దశలో ఉన్న ఒక్కో జాతికి ఆరోగ్యంగా, వంశం కలగాపులగం కాకుండా ఉన్న 100 జంతువులు జూలలో ఉండాలన్నది కేంద్ర జూ అథారిటీ పెట్టుకున్న లక్ష్యం.

కొత్త రక్తం ఎంత దూరం నుంచైనా రావచ్చు. నందన్‌కానన్ ఘరియాల్‌లకు (సన్నని పొడవాటి మూతి ఉన్న మొసళ్ళకు) మగది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జూ నుంచి వచ్చింది. 1980లో ఇక్కడ పుట్టిన పిల్లలే ప్రపంచంలో మనుషుల పెంపకంలో పుట్టిన మొదటి ఘరియాల్‌లు. అడవిలోనూ ఇదే లెక్క. ఒడిశా సిమిలిపాల్ అడవిలో పులులు తమలో తాము కలిసి, చారలు వెడల్పై ఒళ్ళు నల్లగా కనిపించేవి ఎక్కువయ్యాయి. 2024 అక్టోబర్, నవంబర్‌లలో మహారాష్ట్ర తడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని అక్కడికి తెచ్చారు. జీనత్ మాత్రం కొత్త అడవి నచ్చక జార్ఖండ్, బెంగాల్ చుట్టి బాంకుడాలో దొరికింది. మళ్ళీ తెచ్చి వదలాల్సి వచ్చింది.

నందన్‌కానన్ తెల్లపులులకు ప్రసిద్ధి కదా. వాటిని ఎందుకు పెంచరు ఇంకా ఎక్కువగా?

తెల్లపులి వేరే జాతి కాదు. మామూలు పెద్దపులిలోనే దాగి ఉండే ఒక జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే పిల్ల తెల్లగా పుడుతుంది. 1980 జనవరిలో నందన్‌కానన్‌లో దీపక్, గంగ అనే మామూలు రంగు పులులకు తెల్లపిల్లలు పుట్టినప్పుడు తెలిసింది, ఇద్దరిలోనూ అది ఉందని. ఎప్పుడూ తెల్లవే కావాలంటే బంధువులనే కలపాలి, పై జవాబులో చెప్పిన కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి. జనాన్ని రప్పించడానికి తెల్లపులి పనికొస్తుంది, జాతిని కాపాడడానికి కాదు. సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాల్ని బ్రీడింగ్‌కు వాడకపోవడానికీ ఇలాంటి కారణమే. వాటిలో ఆసియా, ఆఫ్రికా రక్తాలు కలిసిపోయాయి. ఉన్నన్నాళ్ళు తిండి పెట్టి చూసుకుంటారు, సంతానం మాత్రం వద్దు.

పులి పిల్లలు పుట్టాయట. ఎప్పుడు చూపిస్తారు?

పులి చూలు దాదాపు 105 రోజులు. కాన్పుకు రెండు వారాల ముందు నుంచే ఆ గది వైపు ఎవర్నీ రానివ్వరు. చీకటి గది, ఎండుగడ్డి, కెమెరా, ఒకే కీపర్. పిల్లలు పుట్టాక మొదటి పదిరోజులు గది కడగడం కూడా మానేస్తారు. ఫినాయిల్ వాసనకు తల్లి పిల్లల్ని నోట కరుచుకుని గదంతా తిరుగుతుంది, ఆ తిరుగుడులో పన్ను దిగి పిల్ల చనిపోవడం ఉంది. తొలికాన్పు తల్లుల్లో ఇది ఎక్కువ. పిల్లలకు రెండు వారాలకు కళ్ళు విచ్చుకుంటాయి, రెండు నెలలకు మాంసం రుచి చూస్తాయి, టీకాలు పడ్డాకే బయటికి వస్తాయి. మూడు నాలుగు నెలల దాకా ఆగాలి.

సీసాపాలతో పెంచిన పిల్ల ఫోటోలు పేపర్లలో ముద్దుగానే ఉంటాయి. కానీ అలా పెరిగినదానికి పులి భాష రాదు, జత కట్టడం రాదు. తల్లి బొత్తిగా వదిలేస్తే తప్ప ఆ పని చేయకూడదు.

ఘరియాల్ గుడ్లను పొదిగించడం ఎలా?

మార్చి చివర, ఏప్రిల్‌లో ఆడది రాత్రిపూట ఇసుకలో గుంత తవ్వి 30 నుంచి 50 దాకా గుడ్లు పెడుతుంది. ఇసుక మెత్తగా, లోతుగా, నీటి మట్టానికి ఎత్తులో లేకపోతే గుడ్లు పెట్టకుండా కడుపులోనే ఉంచుకుని, చివరికి నీళ్ళలో వదిలేస్తుంది. ఎన్‌క్లోజర్‌లో ఇసుక తిన్నె సరిగా లేకపోవడమే చాలాసార్లు విఫలం కావడానికి కారణం.

గుడ్లు తీసి ఇంక్యుబేటర్‌లో పెట్టాలంటే ఒక నియమం తప్పకూడదు. కోడిగుడ్డును తిప్పుతూ ఉండాలి, మొసలి గుడ్డును తిప్పకూడదు. పెట్టిన ఒక రోజులోపే పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, తలకిందులు చేస్తే ఊడి చచ్చిపోతుంది. అందుకే ఇసుకలో గుడ్డు ఎలా ఉందో అలానే ఉంచి, పైవైపు మెత్తటి పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ గీత పైకే ఉండేలా తీసుకెళ్ళి పెడతారు. పెన్ను సిరా వాడరు, పెంకులోకి ఇంకుతుంది. రెండు నెలల పైన పడుతుంది. వేడి ఒకటి రెండు డిగ్రీలు మారితే పుట్టేవి ఆడవా మగవా అన్నదే మారిపోతుంది. కరెంటు పోతే గుడ్లు చెడతాయనే అందరూ భయపడతారు. పోకపోయినా, థర్మామీటరు అర డిగ్రీ తప్పు చూపిస్తే వందల పిల్లలు ఒకే లింగానివి పుట్టవచ్చు.

మహానదిలో సాత్‌కోసియా లోయ ఈ జాతికి దక్షిణపు హద్దు. 1970ల నుంచి అక్కడ వందల పిల్లల్ని వదిలారు, చేపల వలల్లో, వరదల్లో చాలా పోయాయి. 2021లో నాలుగు దశాబ్దాల తర్వాత నదిలోనే సహజంగా 28 పిల్లలు పుట్టాయి. వదిలిన వందల కన్నా ఈ 28 పెద్ద వార్త.

అలుగును (పాంగోలిన్‌ను) జూలో ఎందుకు చూపించరు?

ఒడియాలో బజ్రకాప్తా అనే ఈ జంతువు రాత్రి తిరిగేది, పగలంతా బొరియలో ముడుచుకునేది. నందన్‌కానన్‌లో 2009 నుంచి దీనికి ప్రత్యేక బ్రీడింగ్ కేంద్రం ఉంది, అది జనం నడిచే దారిలో ఉండదు. దీన్ని బతికించడమే కష్టం. పళ్ళు లేవు, చీమలు, చెదలు తప్ప ఎరగదు. చెట్లమీది ఎర్రచీమల గూళ్ళు తెచ్చిపెట్టడం సులువే గానీ ఏడాది పొడవునా దొరకవు. వేరే తిండికి హఠాత్తుగా మారిస్తే కడుపులో పుండ్లు పడతాయి. సిమెంటు నేల మీద గోళ్ళు, అరికాళ్ళు అరిగి చీము పడతాయి. మట్టి వేస్తే తవ్వుకుని పారిపోతుంది. కాబట్టి మట్టి కింద ఇనుప వల పరిచి, పైన లోతుగా మట్టి నింపాలి. ఒక్కో కాన్పుకు సాధారణంగా ఒకే పిల్ల. తల్లి తోక మొదలు పట్టుకుని వేలాడుతూ తిరుగుతుంది.

దాని పొలుసులు మన గోళ్ళలాంటివే, అదే కెరటిన్. మందు గుణం ఏమీ లేదు. ఎవరైనా కొంటామని మీ ఊరికొస్తే ఫారెస్టు రేంజ్ ఆఫీసుకు చెప్పండి. జైలుకెళ్ళేది కొనేవాడు ఒక్కడే కాదు, చూపించినవాడు కూడా.

విశాఖలో రేచుకుక్కలు ఎక్కువట, నిజమేనా?

నిజమే. రేచుకుక్కల బ్రీడింగ్‌కు దేశంలో ముఖ్యమైన జూ అదే. ఇవి జత కన్నా గుంపుగా బతికేవి. పెద్ద జతే పిల్లల్ని కంటుంది, మిగతావి తిన్న మాంసం కక్కి పిల్లలకు పెడతాయి. గుంపు నుంచి ఒకదాన్ని తీసి వారం తర్వాత తిరిగి కలిపితే మిగతావి చంపేయవచ్చు. కాబట్టి వైద్యానికి తీసినా కనబడేంత దూరంలో, జాలీ అవతలే ఉంచుతారు. ఊరకుక్కల నుంచి వచ్చే డిస్టెంపర్ అనే అంటురోగం వీటికి పెద్ద గండం. జూ గోడ పక్కన కుక్కలకు బిర్యానీ వేసే దయగలవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

రాబందుల బ్రీడింగ్ మన ఊళ్ళకు ఏం సంబంధం?

పశువుకు వేసే ఇంజెక్షన్‌తో సంబంధం. రాబందు జత ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. జూలో పెంచినవి ఎన్ని వదిలినా, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేయించుకుని ఆపైన చచ్చిన ఒక్క గొడ్డు కళేబరం పదుల రాబందుల్ని చంపుతుంది. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. 2023లో అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, 2024 చివర్లో నిమెసులైడ్ కూడా నిషేధించారు. పశువుకు నొప్పి మందు కావాలంటే మెలోక్సికామ్ అడగండి, పనిచేస్తుంది, రాబందులకు హాని లేదు.

చుక్కల దుప్పులు కిక్కిరిసి ఉన్నాయి. వాటి సంతానం ఎందుకు ఆపరు?

ఆపే ప్రయత్నమే చేస్తారు. మగవాటిని వేరు చేయడం, కొన్నింటికి వేసెక్టమీ. వంద ఆడవాటిలో ఒక్క మగది మిగిలిపోయినా పని చెడిపోతుంది.

జూలో పుట్టినవి అడవిలో బతుకుతాయా?

జాతిని బట్టి. మొసళ్ళు, తాబేళ్ళు, జింకలు బతకగలవు. పులికి చాలా కష్టం. అడవి పులిని వేరే అడవికి మార్చినా కష్టమే. 2018లో మధ్యప్రదేశ్ నుంచి సాత్‌కోసియాకు మహావీర్, సుందరి అనే పులుల్ని తెచ్చారు. మగది ఆ నవంబర్‌లోనే ఉచ్చు గాయంతో చనిపోయింది. ఆడది మనుషుల మీద పడడంతో పట్టి కంచెలో పెట్టి, 2021లో వెనక్కి పంపేశారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను ముందు ఒప్పించకుండా తేవడమే అక్కడ చెడింది, పులుల తప్పు లేదు.

జింకల విషయంలో పద్ధతి తేలిక. వదలబోయే అడవిలోనే కంచె వేసి కొన్ని నెలలు అక్కడి గడ్డి మేపి, ఊరకుక్కలు రాకుండా చూసుకుని, తర్వాత కంచె తీసేస్తారు. పూరీ, కోణార్క మధ్య బాలుఖండ్ అడవిలో అంతరించిన కృష్ణజింకల్ని 2023లో ఇలాగే మళ్ళీ తెచ్చారు.

మన భేటనై కృష్ణజింకల్ని జూకి పట్టుకెళ్తారా?

అవసరం లేకుండా అడవి జంతువును జూకి తీసుకోరు. ఆస్కా, బుగుడా వైపు పొలాల్లో తిరిగే ఈ జింకలు జూ కన్నా భద్రంగా ఉన్నాయి, పంట తిన్నా ఊళ్ళవాళ్ళు కొట్టరు. జింక పొలంలోకొస్తే ఆ ఏడు వానలు బాగా పడతాయని అక్కడి నమ్మకం. ఏ బ్రీడింగ్ కేంద్రమూ అంత చవగ్గా ఇన్ని జింకల్ని పెంచలేదు.

ఋషికుల్య తాబేళ్ళను కూడా జూలో పెంచవచ్చు కదా?

అక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లీలు ఆ తీరంలో గుడ్లు పెట్టాయి. వాటికి కావలసింది తీరం, చీకటి, కుక్కలు లేకపోవడం. పిల్లలు బయటికొచ్చే రాత్రి ఒడ్డున టార్చి వేయకండి, సముద్రం అనుకుని వెలుగు వైపు నడుస్తాయి.

పొలంలో అడవిపిల్లి కూనలు దొరికాయి. జూకి ఇవ్వవచ్చా?

ముందు ముట్టుకోకండి. వరి కోతల్లో, చెరకు నరుకుళ్ళలో ఇవి దొరకడం మామూలే. తల్లి పక్కనే దాక్కుని ఉంటుంది. ఆ నాలుగు మడులు కోయకుండా వదిలేసి, కుక్కల్ని కట్టేసి, రాత్రికి అటు ఎవరూ పోకుండా చూస్తే తెల్లారేసరికి తల్లి ఒక్కొక్కదాన్నీ మోసుకుపోతుంది. మర్నాడు కూడా ఉంటేనే ఫారెస్టు వాళ్ళకు కబురు పెట్టండి. ఆవుపాలు పోయకండి, విరేచనాలతో చనిపోతాయి. ఇంట్లో పెంచే రామచిలకల్ని కూడా జూ గేటు దగ్గర ఇస్తే తీసుకోరు, అటవీ శాఖ ద్వారానే వెళ్ళాలి. చిలకను పంజరంలో పెంచడమే చట్టవిరుద్ధం, ఆ సంగతి వేరే.

జంతువును దత్తత తీసుకోవచ్చంటున్నారు. ఇంటికి ఇస్తారా?

ఇవ్వరు. నెలకో ఏడాదికో దాని తిండి ఖర్చు మీరు కడతారు, మీ పేరు బోర్డు మీద పడుతుంది. అంతేగానీ మీ చేత్తో తినిపించడం కుదరదు. జూలో జంతువుకు తిండి వేయడం, రాయి విసరడం రెండూ చట్టం దృష్టిలో నేరమే. ప్లాస్టిక్ సంచి మింగిన దుప్పి కడుపు కోసి చూస్తే ఉండలుగా బయటికొస్తుంది. అప్పటికి ఆలస్యమైపోయి ఉంటుంది.

పిల్లలతో ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

డిసెంబర్, జనవరి. సెలవు మర్నాడు, అంటే మంగళవారం పొద్దున గేటు తీసేసరికి ఉండండి. చాలా జూలలో మాంసాహార జంతువులకు వారానికి ఒకరోజు పస్తు ఉంటుంది, ఎక్కువగా సెలవు రోజున. ఆ మర్నాడు అవి తిండి కోసం తిరుగుతూ ఉంటాయి. మధ్యాహ్నం వెళ్తే ఏ నెలైనా నిద్రపోతున్న వీపులే కనిపిస్తాయి.